పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు: సెలవుల్లో బడి లైబ్రరీ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: బడి మూసి ఉన్నన్నాళ్లూ పిల్లలు పుస్తకం వదలకుండా ఉండాలంటే లైబ్రరీ ఏం చేయాలి? కొన్నిటికి వివరంగా, కొన్నిటికి క్లుప్తంగా జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా బడిలో 240 మంది పిల్లలు, లైబ్రరీలో 1,100 పుస్తకాలు ఉన్నాయి. ఏటా పొడవు సెలవులకు పదిహేను రోజుల ముందే పుస్తకాలన్నీ వెనక్కి తీసుకుని, లెక్క చూసి, బీరువాలకు తాళం వేస్తాం. ఈసారి పిల్లలకే ఇచ్చి పంపుదామనుకుంటున్నాను. ఒక్కొక్కరికి ఎన్ని ఇవ్వాలి? ఎలా ఇవ్వాలి?
– లైబ్రరీ బాధ్యత చూసే టీచరు

జవాబు: తప్పకుండా ఇవ్వండి. పిల్లలకు చదవడానికి తీరిక దొరికేదే అప్పుడు. సరిగ్గా ఆ రోజుల్లోనే పుస్తకాలను బీరువాలో పెట్టేస్తున్నాం. మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడకానికే అని. లెక్క చూడటానికి పుస్తకాలన్నీ గదిలోనే ఉండనక్కర్లేదు. అరలో ఉన్నవి, ఇష్యూ రిజిస్టరులో పిల్లల పేరున ఉన్నవి కలిపితే మొత్తం రావాలి, అంతే. పూర్తి లెక్క బడి తెరిచాక రెండో నెలలో పెట్టుకోండి.

ఎన్ని ఇవ్వాలన్నదానికి ఒక ఆధారం ఉంది. రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాన్జెన్ అనే పరిశోధకుల బృందం అమెరికాలోని ఫ్లోరిడాలో పేద కుటుంబాల పిల్లలకు వరుసగా మూడు వేసవుల పాటు, ఏటా 12 పుస్తకాల చొప్పున ఇచ్చింది. పుస్తకాలను పిల్లలే ఎంచుకున్నారు. 2010లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, పుస్తకాలు అందని పిల్లల కంటే వీళ్లు చదవడంలో ముందున్నారు. అందరికంటే పేద పిల్లల్లో ఆ తేడా ఇంకా ఎక్కువ. అక్కడ పుస్తకాలు పిల్లలకే ఇచ్చేశారు. మీవి తిరిగి రావాలి కాబట్టి కొంచెం లెక్క వేసుకోవాలి.

1,100లోంచి నిఘంటువులు, పెద్దలవి, చిరిగినవి, ఎవరూ ముట్టని పాత గైడ్లు తీసేస్తే 800 మిగులుతాయనుకుందాం. తలకు 3 చొప్పున 720 పోతాయి, 80 చేతిలో ఉంటాయి. మూడు పుస్తకాలు చాలవు. అందుకే పక్కపక్క ఇళ్లలో ఉండే ఐదుగురిని ఒక జట్టు చేయండి. ఐదుగురి దగ్గర కలిపి 15 పుస్తకాలు ఉంటాయి. పదిరోజులకోసారి వాళ్లలో వాళ్లు మార్చుకుంటే ఆరు వారాల్లో ఒక్కొక్కరికి 12 పైనే అందుతాయి. జట్టులో ఒకే తరగతి వాళ్లను కాకుండా ఒకటి రెండు తరగతుల తేడా ఉన్నవాళ్లను కలపండి. పెద్దపిల్ల చదివి వినిపిస్తుంది, చిన్నది వింటుంది. తేడా అంతకు మించితే మాత్రం మార్చుకోవడానికి పనికొచ్చే పుస్తకాలే ఉండవు.

ఇక ఎంపిక. వెన్నులు మాత్రమే కనిపించేలా నిలబెట్టిన పుస్తకాల్లోంచి పిల్లలు ఎంచుకోలేరు. తరగతికి ఒక పీరియడ్ కేటాయించి, బల్లల మీద అట్ట పైకి కనిపించేలా పరచండి. 40 మందికి కనీసం 160 పుస్తకాలు ఉండాలి. అంతకంటే తగ్గితే చివర వచ్చినవాళ్లకు మిగిలిందే గతి. ప్రతి తరగతికీ పిలిచే వరుస మార్చండి, ఎప్పుడూ రోల్ నెంబరు 1 నుంచే మొదలుపెట్టకండి. మూడింటిలో రెండు పూర్తిగా పిల్లల ఇష్టం. బొమ్మలదైనా, జోకులదైనా, పోయినసారి చదివిందే అయినా సరే. మూడోది మీరు సూచించండి.

కష్టం అంచనా వేయడానికి అయిదు వేళ్ల పరీక్ష చాలు. పుస్తకం మధ్యలో ఒక పేజీ తెరిచి, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు మడవమనండి. ఇంగ్లీషు పుస్తకానికి వంద మాటల్లో ఐదు వేళ్లూ మడిచేస్తే అది కష్టమని లెక్క. తెలుగులో విభక్తులూ ప్రత్యయాలూ మాటకే అతుక్కుని ఒక్కో మాటా పొడవవుతుంది కాబట్టి 60, 70 మాటల భాగం తీసుకుంటే సరిపోతుంది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. అర్థం తెలియక ఆగడం వేరు, వత్తు దగ్గర తడబడి ఆగడం వేరు. మొదటిదానికి తేలిక పుస్తకం ఇవ్వాలి. రెండోదానికి అచ్చు పెద్దగా, వరుసల మధ్య ఖాళీ ఎక్కువగా ఉన్న పుస్తకం ఇస్తే అదే పిల్లవాడు అదే స్థాయి కథ చదివేస్తాడు.

ఇష్యూకి తరగతికి ఒక కాగితం పెట్టండి. అడ్డవరుసకు ఒక విద్యార్థి, ఎదురుగా మూడు గడులు. గడుల్లో పుస్తకం పేరు కాదు, యాక్సెషన్ నెంబరు, అంటే లైబ్రరీ ఒక్కో ప్రతికీ విడిగా వేసే నెంబరు, రాయాలి. ఒకే పుస్తకం నాలుగు ప్రతులుంటే పేరు రాసిన రిజిస్టరు తర్వాత ఎందుకూ కొరగాదు. ఒకరు నెంబరు చదువుతుంటే ఇంకొకరు రాస్తే 40 మందికి 120 నెంబర్లు ఒక పీరియడ్‌లో పూర్తవుతాయి. మార్పిళ్లు రాసుకోవడానికి జట్టుకొక చీటీ ఇవ్వండి. అది పోయినా ఫర్వాలేదు, బాధ్యత మొదట తీసుకున్న పేరు మీదే ఉంటుందని ముందే చెప్పండి. అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు ఆఖరి రోజున ఇవ్వడం. ఆ రోజు సగం మంది రారు. వారం ముందే ఇవ్వండి. ఆ వారం బడిలోనే రోజూ పావుగంట చదివించండి. సగం చదివిన పుస్తకాన్ని పిల్లలు ఇంట్లో మళ్లీ తెరుస్తారు. ముట్టనిది సంచిలోనే ఉండిపోతుంది.

ప్రశ్న: పుస్తకాలు పోతే జవాబు చెప్పాల్సింది నేను. డిపాజిట్ తీసుకుంటే తప్పా?
– ప్రధానోపాధ్యాయుడు

జవాబు: తప్పనే అంటాం. డిపాజిట్ పెట్టిన రోజే, ఇంట్లో ఒక్క పుస్తకమూ లేని పిల్లలు వరుసలోంచి తప్పుకుంటారు. ఎవరి కోసం ఇదంతా చేస్తున్నామో వాళ్లే దూరమవుతారు. మీ భయం న్యాయమైనదే కాబట్టి, సెలవుల ముందే యాజమాన్యానికి రాతపూర్వకంగా తెలియజేసి, వాడుకలో కొన్ని పోవచ్చు, చిరగవచ్చు అన్నదానికి అనుమతి తీసుకోండి. నిబంధనల్లో నష్టం కింద ఎన్ని కొట్టేయవచ్చో చూసి ఉత్తరంలోనే ఆ సంగతి ఉదహరించండి. తిరిగి దొరకని అరుదైన పుస్తకాలను ఈ జాబితాలో చేర్చకండి.

తెరిచిన మొదటి వారం గేటు దగ్గర ఒక పెట్టె పెట్టండి. ఎవరూ అడగకుండా పుస్తకం అందులో వేసి వెళ్లిపోగలగాలి. రెండో వారం, రానివాటి జాబితా పట్టుకుని పిల్లలను విడివిడిగా అడగండి. ప్రార్థన సమావేశంలో పేర్లు చదవకండి. అలా చదివితే పుస్తకం పోగొట్టుకున్న పిల్ల ఇక లైబ్రరీ గడప తొక్కదు.

ప్రశ్న: ఉన్నట్టుండి బడి మూసేస్తే? పుస్తకాలు పంచే సమయమే ఉండదు కదా.

జవాబు: 2020లో కోవిడ్ వచ్చినప్పుడు జరిగింది అదే. యునెస్కో లెక్క ప్రకారం ఆ ఏడాది ప్రపంచవ్యాప్తంగా 150 కోట్ల మందికి పైగా విద్యార్థులు ఒకేసారి బడికి దూరమయ్యారు. లైబ్రరీలు చాలావరకు తాళం వేసిన గదుల్లో ఉండిపోయాయి. దీనికి విరుగుడు ఏడాది పొడవునా సిద్ధంగా ఉంచే సంచులు. జట్టుకు ఒక సంచి, అందులో 10 పుస్తకాలు, లోపల అట్టముక్క మీద యాక్సెషన్ నెంబర్ల జాబితా. రెండు బొమ్మల పుస్తకాలు, ఐదు కథలు, ఒక సైన్సు పుస్తకం, ఒక జీవిత చరిత్ర, ఒక ఇంగ్లీషు పుస్తకం ఉంటే ఏ ఇంటికైనా పనికొస్తుంది. మూసేస్తున్నామన్న కబురు అందాక సంచి నెంబరు, తీసుకున్నవారి పేరు రాసుకుంటే చాలు, నిమిషానికి ఒక సంచి వెళ్లిపోతుంది. మూడు నెలలకోసారి సంచుల్లో పుస్తకాలు మార్చండి. లేకపోతే మంచి పుస్తకాలు అక్కడే ఇరుక్కుపోతాయి.

అంటువ్యాధి రోజుల్లో పుస్తకాల మీద మందు చల్లకండి. తడికి కాగితం ఉబ్బుతుంది, అట్ట జిగురు వదిలేస్తుంది. వెనక్కి వచ్చినవాటిని కొన్నాళ్లు విడిగా పెట్టడమే అన్నిటికంటే తేలికైన పద్ధతి. వరదకు బడి మూసినప్పుడు సమస్య వేరు. తడిసిన పుస్తకానికి 48 గంటల్లో బూజు మొదలవ్వచ్చు. పుస్తకాన్ని నిలబెట్టి, పేజీలు విసనకర్రలా కాస్త విప్పి, నీడలో ఫ్యాను గాలికి ఆరబెట్టండి. అక్కడక్కడ తెల్లకాగితం పెట్టి, తడిసినకొద్దీ మారుస్తుండండి. నున్నటి మెరుపు కాగితమైతే తడిగా ఉన్నప్పుడే పేజీకి పేజీ విడదీయాలి. ఆరిందంటే ఇటుకలా అతుక్కుపోతుంది, మళ్లీ రాదు.

ప్రశ్న: రోజూ వాట్సాప్ గ్రూపులో ఒక కథ పీడీఎఫ్ పెడుతున్నాను. నాలుగు రోజుల తర్వాత ఎవరూ తెరవడం లేదు. ఎక్కడ తప్పు జరుగుతోంది?
– తెలుగు టీచరు

జవాబు: రోజూ పెట్టడమే మొదటి తప్పు. వారానికి రెండు చాలు. అదీ ఫోను ఇంటికి చేరే సాయంత్రం పూట పంపండి. రెండోది బరువు. రంగుల పేజీలు స్కాన్ చేస్తే 30 పేజీలకే 20 ఎంబీ దాటిపోతుంది. కుదించి 3, 4 ఎంబీకి తెండి. మూడోది, ఏ4 పేజీని చిన్న తెరలో చూస్తే వత్తులు చుక్కల్లా కనిపిస్తాయి. పేజీ కొలతను ఫోను తెర ఆకారానికి పెట్టి, పేజీకి 40 మాటలకు మించకుండా అమర్చండి. డీటీపీలో వాడే, యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలో టైపు చేసిన ఫైలును యథాతథంగా పంపితే ఫోనులో అక్షరాలన్నీ గజిబిజి అవుతాయి. ఏ ఫోనులోనైనా చదవడానికి వీలైన యూనికోడ్‌లో టైపు చేయండి, లేదా పీడీఎఫ్‌గా మార్చి పంపండి.

మార్కెట్లో అమ్ముతున్న పుస్తకాన్ని అనుమతి లేకుండా స్కాన్ చేసి పంచకూడదు. చదివి రికార్డు చేసి అందరికీ పెట్టడానికైనా ప్రచురణకర్తను అడగాల్సిందే. ఆ చిక్కు లేకుండా పిల్లల పుస్తకాల ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే ఆన్‌లైన్ వేదికలో తెలుగుతో సహా ఎన్నో భాషల్లో పిల్లల కథలున్నాయి. విడిగా అనుమతి అడగకుండా వాడుకోనిచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నవి కాబట్టి రచయిత పేరు, చిత్రకారుల పేరు, లైసెన్సు వివరం అలాగే ఉంచి దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు. కథలు స్థాయుల వారీగా ఉంటాయి కాబట్టి ఎంపిక కూడా తేలిక.

గొంతు రికార్డు చేయడం చాలా బాగా పనిచేస్తుంది. 64 కేబీపీఎస్ నాణ్యతలో రికార్డు చేస్తే 10 నిమిషాల ఆడియో 5 ఎంబీ లోపే ఉంటుంది. దానితో పాటు అదే పాఠం అచ్చులో ఉంటే పిల్లలు వేలు పెట్టుకుని వెంట చదువుతారు. మామూలు వేగం కంటే కాస్త నెమ్మదిగా చదవండి, పేజీ తిప్పే చోట రెండు సెకన్లు ఆగండి.

ఫోను లేని ఇళ్లకు ఒక్క ఏ4 కాగితంతో 8 పేజీల పుస్తకం చేయవచ్చు. కాగితాన్ని అడ్డంగా పెట్టి పైన నాలుగు, కింద నాలుగు గడులు మడతలు పెట్టి విప్పండి. పై వరుసలో ఎడమ నుంచి 5, 4, 3, 2 పేజీలు తలకిందులుగా, కింది వరుసలో 6, 7, 8, 1 నిటారుగా అచ్చు వేయాలి. పొట్టి అంచులు కలిసేలా సగానికి మడిచి, మడత వైపు నుంచి నడిమి గీత వెంట ఒక్క గడి వెడల్పే కత్తిరించండి. ఎక్కువ కోస్తే పుస్తకం రెండు ముక్కలవుతుంది. మళ్లీ విప్పి, పొడవాటి అంచులు కలిపి మడిచి, రెండు చివరలనూ లోపలికి నెడితే కోసిన చోటు తెరుచుకుని పేజీలు ఏర్పడతాయి. గడికి 25 నుంచి 30 మాటలు చాలు.

ప్రశ్న: మా అబ్బాయి అయిదో తరగతి. సెలవుల్లో పుస్తకం తీయమంటే ఏడుపే. కూడబలుక్కుంటూ చదువుతాడు. నేను పెద్దగా చదువుకోలేదు.
– ఒక అమ్మ

జవాబు: అమ్మా, మీ అబ్బాయికి పుస్తకమంటే ఇష్టం లేదని అనుకోకండి. చదివే శ్రమకే అలసిపోతున్నాడు. ముందు కళ్ల పరీక్ష, చెవి పరీక్ష చేయించండి. తర్వాత అక్షరాలు బాగా వచ్చిన అక్కో, అన్నో, పక్కింటి పిల్లో ఉంటే రోజూ 15 నిమిషాలు జంట చదువు పెట్టండి. ఇద్దరూ ఒకే పుస్తకం చూస్తూ ఒకేసారి పైకి చదవాలి. తను ఒక్కడే చదవగలననుకున్నప్పుడు బాబు బల్ల మీద తడతాడు, పెద్దవాళ్లు ఆపేస్తారు. ఎక్కడైనా తప్పితే నాలుగైదు సెకన్లు ఆగి, మాట చెప్పి, వాడితో ఒకసారి అనిపించి, మళ్లీ కలిసి చదవాలి. ‘ఇదీ రాదా’ అన్న మాట రాకూడదు. ఒకే కథ మూడు నాలుగు రోజులు చదివినా మంచిదే, వేగం వచ్చేది అక్కడే.

మీరు చేయగలిగింది చిన్నదేమీ కాదు. జేమ్స్ కిమ్, థామస్ వైట్ 3 నుంచి 5 తరగతుల పిల్లలపై చేసి 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఊరికే పుస్తకాలు పంపినప్పటికంటే, ఉపాధ్యాయులు చదివే తీరు ముందే నేర్పి, ఇంట్లో పెద్దలకు చదివి వినిపించమన్నప్పుడు ఫలితం మెరుగ్గా వచ్చింది. వినడానికి చదువు అక్కర్లేదు. ఒక పేజీ చదివించుకుని, ‘తర్వాత ఏమవుతుందంటావు నాన్నా?’ అని అడగండి.

ప్రశ్న: ఎక్కువ పుస్తకాలు చదివినవారికి బహుమతి పెట్టాలనుకుంటున్నాం.

జవాబు: వద్దు. లెక్కకు బహుమతి పెడితే పిల్లలు సన్న పుస్తకాలు ఏరుకుంటారు, చదవనివి కూడా రాస్తారు. ప్రతి పుస్తకం వెనక అట్టకు లోపల ఒక కాగితం అతికించి, ‘చదివినవాళ్ల మాట’ అని రాయండి. చదివిన పిల్లలు ఒక్క వాక్యం రాసి పేరు, తరగతి పెడతారు. బాగాలేదని రాసినా అలాగే ఉంచండి. తర్వాత ఆ పుస్తకం తెరిచే పిల్లలు మొదట చూసేది ఆ పేజీనే.

ప్రశ్న: మా తరగతిలో చూపు లేని పాప ఉంది. ఆమెకు పంపడానికి ఏమీ దొరకడం లేదు.

జవాబు: పైన చెప్పిన ఆడియో పద్ధతి మొదట ఆ పాపతోనే ప్రారంభించండి. చూపు లేనివారి కోసం పుస్తకాలను బ్రెయిల్, ఆడియో వంటి రూపాల్లోకి మార్చడానికి 2013లో దేశాల మధ్య కుదిరిన మరాకేష్ ఒప్పందం వీలు కల్పిస్తుంది. అది 2016 నుంచి అమల్లో ఉంది, భారతదేశం 2014లోనే ఆమోదించింది. జట్టులో ఆమెను కూడా చేర్చి, మిగతా నలుగురినీ వంతులవారీగా చదివి వినిపించమనండి. సంచిలో వాళ్ల పుస్తకాలతో పాటు, రికార్డు చేసిన కథలున్న మెమరీ కార్డు ఒకటి పెట్టి, దానికీ రిజిస్టరులో ఒక నెంబరు వేయండి.