కుక్కల బోర్డింగ్ పెడుతున్నావట కదా తల్లీ, ముందు ఇది చదువు

తల్లీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, నువ్వు ఇంట్లోనే, ఓనర్లు ఊరెళ్తే వాళ్ళ కుక్కల్ని ఉంచుకునే బోర్డింగ్ మొదలుపెడుతున్నావని, అదీ షుగరున్నవి, ఫిట్స్ వచ్చేవి, వెనక కాళ్ళు పడిపోయినవి, కళ్ళు కనపడనివి, అంటే మిగతా బోర్డింగుల వాళ్ళు మా వల్ల కాదని తిప్పి పంపేవే తీసుకుంటావని. విన్నప్పట్నించీ నిద్ర లేదు నాకు. గర్వంగా ఉంది, ఎందుకుండదు, సెలవులకి మా ఇంటికొస్తే ఎగిరి గంతులేసే కుక్కల్ని వదిలేసి మూలనున్న ముసలిదాని పక్కన కూర్చునేదానివి. కానీ భయం కూడా అంతే ఉంది. ఈ పని ఏళ్ళ తరబడి చేసినదాన్ని, ప్రేముంటే చాలనుకుని దిగినవాళ్ళు ఎంతమంది మధ్యలో చేతులెత్తేశారో చూసినదాన్ని. ఫోన్లో చెబితే సరే పెద్దమ్మా సరే పెద్దమ్మా అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తా. వ్యాక్సిన్ కార్డు చూడందే ఏ కుక్కనీ లోపలికి రానివ్వకు. తిండి వాళ్ళింటి నుంచే తెమ్మను, మార్చకు. వాళ్ళ పాత దుప్పటి కూడా తెమ్మను, ఉతకొద్దను. జారే నేల మీద మ్యాట్లు వెయ్యి. వాళ్ళ డాక్టరు నంబరూ రాత్రిళ్ళు తెరిచుండే క్లినిక్ నంబరూ గోడ మీద పెద్దక్షరాల్లో రాయి. ఓనర్ దొరక్కపోతే ఎంతవరకు వైద్యం చేయించచ్చో ముందే సంతకం పెట్టించుకో. గేటు లోపల ఇంకో గేటు పెట్టించు, చెవుడున్న కుక్క ఒక్కసారి బయటికి పోయిందంటే నువ్వు ఎంత అరిచినా వెనక్కి తిరగదు. కళ్ళు లేనిది ఉన్నన్నాళ్ళు కుర్చీ ఒక్కటి కూడా జరపకు, ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలువు.

ఇక అసలు విషయం. షుగర్ కుక్కల గురించి మీ అమ్మకి కూడా నేనెప్పుడూ పూర్తిగా చెప్పలేదు.

ఒక ముసలి ఆడకుక్క ఉండేది మా దగ్గర, షుగర్ వల్ల రెండు కళ్ళకీ శుక్లాలు వచ్చేసి తెల్లగా ఉండేవి. ఓనర్లు ఊరెళ్ళారు. పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి, తిండి తిన్నాక ఇన్సులిన్. చాలా తేలికైన రొటీన్, అప్పటికి మాకు చేతి అలవాటైపోయింది, అదే కొంప ముంచింది. ఆరోజు అది గిన్నె ఖాళీ చేసింది, నేను సూది వేసి సిరంజి డబ్బాలో పడేసి, ఇంకో కుక్క వాంతి చేసుకుంటే అటు పరిగెత్తా. ఇన్సులిన్ సీసా ఫ్రిజ్‌లో పెట్టలేదు, బల్ల మీదే ఉండిపోయింది. మీ పెదనాన్న స్నానం చేసి వచ్చారు, ఖాళీ గిన్నె చూశారు, బయట సీసా చూశారు, అయ్యో దీనికి ఇంకా సూది పడలేదు, పాపం తను ఆ రెండోదానితో అవస్థ పడుతోంది కదా, ఈ పనైనా నేను చేద్దామని ఆయన కూడా వేశారు. నాకు చెప్పలేదు, ఎందుకు చెప్తారు, సాయం చేశాననుకున్నారు.

కాసేపయ్యాక చూస్తే అది నీళ్ళ గిన్నె దగ్గర నిలబడి ఉంది, తాగట్లేదు. వెనక కాళ్ళు విడివిడిగా పెట్టి ఊగుతోంది. కళ్ళు కనపడవు కదా, దారి వెతుక్కుంటోందేమో అనుకున్నా. తర్వాత తల గోడకి ఆనించి అలాగే నిలబడింది, పెదవులు వణకడం మొదలైంది. అప్పుడు నాకు గుండె జారిపోయింది. సిరంజి డబ్బా మూత తీసి చూశా. పొద్దున్నే ఖాళీ చేసిన డబ్బా అది, ఒక్కటే ఉండాలి అందులో. రెండున్నాయి.

ఇన్సులిన్ ఎక్కువై ఒంట్లో షుగర్ పడిపోతోందని అర్థమై, తేనె సీసా తీసి వేలితో చిగుళ్ళకి రాశాను. రాశాను అని చెప్తున్నా చూడు, నోట్లో పోయలేదు, పోస్తే మింగలేక ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిపోతుంది. ఇప్పుడైతే తేనెయినా సిరప్పైనా లేబుల్ చదివి కొనుక్కో, షుగర్‌ఫ్రీ వాటిల్లో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉండొచ్చు, అది కుక్కకి విషం. కొంచెం తేరుకుంది. తేరుకుంది కదా అని ఇంట్లో కూర్చోలేదు, ఎందుకంటే లోపలికి పోయిన ఇన్సులిన్ ఇంకా గంటల తరబడి పనిచేస్తూనే ఉంటుంది, తేనె అరిగిపోతే మళ్ళీ పడిపోతుంది. మీ పెదనాన్న బండి నడుపుతుంటే దారంతా నేను రాస్తూనే ఉన్నా. డాక్టరు గ్లూకోజ్ ఎక్కించి రాత్రి దాకా పెట్టుకున్నారు. బతికింది.

ఓనర్‌కి ఫోన్ చేసింది నేనే, దారిలోనే చేశా. రెండుసార్లు పడింది సూది, మా వల్లే, హాస్పిటల్‌కి తీసుకెళ్తున్నాం అని చెప్పా. అవతల చాలాసేపు మాట లేదు. ఆ నిశ్శబ్దం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కానీ దాచుంటే డాక్టరు దగ్గర కూడా దాచాల్సొచ్చేది, అక్కడ రెండు డోసులు పడ్డాయని చెప్పబట్టే చికిత్స ఆలస్యం కాలేదు. ఏం జరిగినా ముందు ఓనర్‌కి, డాక్టర్‌కి నిజం చెప్పు తల్లీ, ఎంత సిగ్గనిపించినా.

ఆ మర్నాడే ఒక నోట్‌బుక్ కొని, పెన్నుకి దారం కట్టి, ఫ్రిజ్ హ్యాండిల్‌కి వేలాడదీశా. పుస్తకాన్ని పక్కకి జరపందే ఫ్రిజ్ తెరుచుకోదు. రూల్ ఒకటే, సూది దించిన వెంటనే టైమూ యూనిట్లూ రాసి ఎవరు ఇచ్చారో అక్షరం పెట్టాలి. ఇచ్చే ముందు రాయకూడదు, రాశాక ఎవరో పిలిస్తే ఇవ్వకుండా వెళ్ళిపోతావు. ఒక రోజుకి ఒక్కరే మందులు చూడాలి, రెండోవాళ్ళు ఎంత ఖాళీగా ఉన్నా ముట్టుకోకూడదు. నీకు సాయానికి వస్తానంటున్న ఆ ఫ్రెండ్‌కి ఇది మొదటి రోజే చెప్పు, మొహమాటపడకు. ఇచ్చామా లేదా అని అనుమానం వస్తే, ఇవ్వకు. ఒక డోసు తప్పితే వచ్చే నష్టం కన్నా రెండు పడితే వచ్చే ప్రమాదం చాలా పెద్దది. తిండి తినకపోయినా మామూలు డోసు ఇచ్చెయ్యకు, డాక్టర్‌కి ఫోన్ చేసి అడుగు. సిరంజి కూడా చూసుకో, సీసా మీద 40 అనుంటే, అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లని, సిరంజి మీద కూడా 40 ఉండాలి, 100 అయితే 100. 100 ఇన్సులిన్‌ని 40 సిరంజితో తీశావంటే అదే గీత దగ్గర రెండున్నర రెట్లు పోతుంది లోపలికి.

నాకంతా గుర్తుంటుంది పెద్దమ్మా అంటావని తెలుసు. నీకు చిన్నప్పట్నించీ జ్ఞాపకశక్తి ఎక్కువ, మేమంతా మెచ్చుకునేవాళ్ళం. ఈ పనిలో మాత్రం దాన్ని నమ్ముకోకు. రోజూ ఒకేలా చేసే పనిలో నిన్నటిదీ ఇవాళ్టిదీ కలిసిపోతాయి, అది ఎంత తెలివైనవాళ్ళకైనా అంతే.

ఫిట్స్ కుక్కలకి కూడా పుస్తకమే దిక్కు. ఫిట్ మొదలవగానే గడియారం చూడు, ఆ క్షణంలో అర నిమిషం కూడా అరగంటలా ఉంటుంది, నీ అంచనా పనికిరాదు. ఐదు నిమిషాలు దాటినా, ఇరవై నాలుగు గంటల్లో రెండోది వచ్చినా ఆలోచించకుండా హాస్పిటల్‌కి బయల్దేరు. నాలుక మింగేస్తుందని ఎవరైనా చెప్తే వినకు, అది మింగదు, నోట్లో వేలు పెడితే నీ వేలే పోతుంది. చుట్టూ ఉన్నవి జరిపి, లైటు తగ్గించి, వీలైతే వీడియో తియ్యి, డాక్టర్‌కి చాలా పనికొస్తుంది. మందు అయిపోయేదాకా చూడకు, ఫినోబార్బిటాల్ లాంటివి ఒక్కసారిగా ఆగితే ఆగినందుకే ఫిట్స్ వస్తాయి. కుక్కని దింపే రోజే మాత్రలు ఓనర్ ముందు లెక్కపెట్టు.

వెనక కాళ్ళు పడిపోయినవాటికి మూత్రం చేత్తో నొక్కి తీయాలి, ఎక్కువగా రోజుకి మూడు నాలుగు సార్లు. వీడియోలు చూసి నేర్చుకోకు. ఓనర్ చేత్తో నీ చెయ్యి పట్టించుకుని మూత్రపు సంచి ఎక్కడ తగులుతోందో నేర్చుకో, నీ అంతట నువ్వు చేసి చూపించాకే వాళ్ళని వెళ్ళనివ్వు. గట్టిగా ఉండి రాకపోతే బలవంతంగా నొక్కకు. వాసన మారినా, మసకగా వచ్చినా, ఎరుపు కనపడినా ఇన్ఫెక్షన్ అనుకో. ఒకే పక్కకి పడుకోనివ్వకుండా అటూ ఇటూ మారుస్తూ ఉండు, డైపర్ కింద చర్మం చూడు, రోజూ తుంటి ఎముక మీద వెంట్రుకలు పక్కకి తీసి చూడు, పుండు అక్కడే మొదలవుతుంది. గుండె జబ్బు కుక్క నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టి రాయి, ముప్పై దాటుతూ ఉంటే తెల్లారేదాకా ఆగకు. అన్నవాహిక సాగిపోయిన కుక్కలుంటాయి, నిలువుగా కూర్చోబెట్టి తినిపించాలి, తిన్నాక కూడా డాక్టరు చెప్పినంతసేపు అలాగే పట్టుకోవాలి, అవి ఇప్పుడే తీసుకోకు. సంవత్సరం గడవనీ.

దీని మీదే నీతో పోట్లాడాలని ఉంది. ఒకేసారి ఐదు తీసుకుంటావట, మీ అమ్మ ఎంత గొప్పగా చెప్పిందో. ఐదా? పడుకునేదెప్పుడు? రెండుతో మొదలుపెట్టు, ఆ రెండూ ఒకే రకం జబ్బువి అయితే ఇంకా మంచిది. ప్రతిదాన్నీ ముందు ఒక్క రాత్రి ట్రయల్‌కి ఉంచుకో, పగలు బాగానే ఉండి రాత్రి రెండింటికి మతి తప్పిన ముసలి కుక్క గోడ మూలలో ఇరుక్కుని అరుస్తుంటే అప్పుడు తెలుస్తుంది నీకు కుదురుతుందో లేదో. ఓనర్ ఏడిచినా సరే, నీకు రాని పని ఉంటే రాదని చెప్పు. నీ మొహమాటం నాకు తెలుసు, నా భయమంతా దాని గురించే, కుక్కల గురించి కాదు. కాదని చెప్పలేక ఒప్పుకున్న కుక్క దగ్గరే నిద్ర చాలదు, నిద్ర చాలని పొద్దునే సూది లెక్క తప్పుతుంది.

తిట్టానని అనుకోకు బంగారం. మా ఇంట్లో ఆ ముసలిది నువ్వు వస్తే తప్ప మూలలోంచి లేచేది కాదు, నీ అడుగు చప్పుడు పోల్చుకునేది. అలాంటి చెయ్యి అందరికీ ఉండదు, అందుకే నువ్వు రెండేళ్ళకే అలిసిపోయి ఇది మానెయ్యకూడదని నా ఆరాటం.

మొదటి కుక్క నెలాఖరుకి వస్తుందన్నావట. దాని మందుల చీటీ, ఇన్సులిన్ అయితే సీసాదీ సిరంజిదీ ఫొటో తీసి నాకు పంపు, చూసి చెప్తా. ఆ వారం నేనొచ్చి ఉంటా, రాత్రి కాపలా నాది, నువ్వు పడుకో. మెట్లు ఎక్కలేను కాబట్టి నా పక్క కిందే వెయ్యి, కుక్కలున్న గదిలోనే. నోట్‌బుక్ మాత్రం నేను వచ్చేలోపే కొను, దారం కట్టి ఉండాలి.

మీ పెద్దమ్మ