లాంథనైడ్లన్నీ +3 అంటారు కదా, మరి సమేరియం +2లో ఎలా ఉంటుంది?

లాంథనం నుంచి లుటీషియం వరకున్న ఈ లోహాలన్నిటికీ +3 (మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న స్థితి) ఎందుకు, ఎఫ్7 గానీ ఎఫ్14 గానీ (ఎఫ్ ఆర్బిటాళ్లలో 7 లేదా 14 ఎలక్ట్రాన్లు) రాకుండానే సమేరియం +2 ఎలా ఇస్తుంది అని అడిగారు. "ఖాళీగా ఉన్న, సగం నిండిన, పూర్తిగా నిండిన ఆర్బిటాళ్లు స్థిరం" అన్న జవాబు యూరోపియం +2కీ (ఎఫ్7), యిటర్బియం +2కీ (ఎఫ్14), సీరియం +4కీ (ఎఫ్0) సరిపోతుంది. సమేరియం +2 ఎఫ్6, థూలియం +2 ఎఫ్13, ప్రెసియోడిమియం +4 ఎఫ్1. ఇక్కడ ఆ సూత్రం చేతులెత్తేస్తుంది.

అయనీకరణ శక్తులు (ఒక్కో ఎలక్ట్రాన్‌ను తీయడానికి కావలసిన శక్తి) పక్కపక్కన రాసుకుని చూడండి. నాలుగో ఎలక్ట్రాన్‌ ఒక్కదాన్ని తీయడానికే మొదటి మూడింటికీ కలిపి పట్టినంతో, అంతకంటే ఎక్కువో కావాలి. ఆర్ద్రీకరణ శక్తి (అయాన్ చుట్టూ నీరు చేరినప్పుడు విడుదలయ్యేది), జాలక శక్తి (అయాన్లు స్ఫటికంగా కూడినప్పుడు విడుదలయ్యేది) మామూలుగా ఆ ఖర్చును భరించలేవు, అందుకే +3 దగ్గర ఆగుతాయి. సీరియానికి ఆ నాలుగో ఎలక్ట్రాన్ ఖర్చు సుమారు 3547 కిలోజౌళ్లే (మోల్‌కి), లాంథనానికి 4819. మూడో ఎలక్ట్రాన్‌కి లాంథనంలో 1850 చాలు, యూరోపియంలో 2404, యిటర్బియంలో 2417. సమేరియం 2260 దరిదాపుల్లో ఉంది. అంటే మూడో ఎలక్ట్రాన్‌ను తీయడం దానికీ కష్టమే కాబట్టి, ఎఫ్7 అందుకోకపోయినా +2ని కొంతవరకు నిలబెట్టుకోగలదు. ఇది మెట్లుమెట్లుగా మారే విషయం, ఉందా లేదా అన్నది కాదు.

నీటిలో ఏది బతుకుతుందో క్షయకరణ పొటెన్షియల్ చెబుతుంది: అది ఎంత రుణాత్మకమైతే +2కి దించడం అంత కష్టం. +3 నుంచి +2కి యూరోపియం −0.35 వోల్టులు, యిటర్బియం సుమారు −1.05, సమేరియం −1.55. జింక్‌ది −0.76. కాబట్టి పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోని లాంథనైడ్ల మిశ్రమాన్ని జింక్ అమాల్గం (పాదరసం కలిసిన జింక్) మీదుగా పంపితే యూరోపియం ఒక్కటే క్షయకరణం చెందుతుంది. సల్ఫేట్ కలిపితే తెల్లటి యూరోపియం సల్ఫేట్ అవక్షేపం దిగుతుంది, మిగతావి ద్రావణంలోనే ఉంటాయి. నైట్రేట్ ఉండకూడదు, గాలి తగలకూడదు. రెండూ యూరోపియాన్ని తిరిగి +3కి తెస్తాయి. ముందే ఆర్గాన్ పంపి ద్రావణంలోని ఆక్సిజన్‌ను తరిమేయాలి.

ఇక +4 సంగతి. సీరియం +4తో టైట్రేషన్ (తెలిసిన గాఢత గల ద్రావణంతో మరోదాన్ని కొలవడం) చేసేవాళ్లు ఎక్కువగా పొరపాటు పడేది ద్రావణం తయారీలోనే. 1 లీటరు 0.1 మోలార్‌కి సెరిక్ అమ్మోనియం సల్ఫేట్ డైహైడ్రేట్ సుమారు 63 గ్రాములు. ఉప్పును నేరుగా నీళ్లలో వేస్తే జలవిశ్లేషణ జరిగి క్షార లవణం మడ్డిలా దిగుతుంది, గాఢత తగ్గిపోతుంది. 500 మిల్లీలీటర్ల నీటిలో 30 మిల్లీలీటర్ల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని నెమ్మదిగా కలిపి, అందులో ఉప్పును కరిగించి, చల్లారాకే లీటరుకు నింపండి. సల్ఫేట్ సీరియం +4ను పట్టుకుని ఉంచడం వల్ల పొటెన్షియల్ ఇక్కడ 1.44 వోల్టులు, పెర్‌క్లోరిక్ ఆమ్లంలో 1.70.

ఇంకో సంగతి: ఫార్ములా చూసి ఆక్సీకరణ స్థితి తేల్చేయకండి. లాంథనం డైఅయొడైడ్‌లో లాంథనం నిజానికి +3లోనే ఉంటుంది. మిగిలిన ఎలక్ట్రాన్ స్ఫటికమంతా తిరుగుతుంది, అందుకే అది లోహంలా విద్యుత్తును ప్రసరింపజేస్తుంది. యూరోపియం డైఅయొడైడ్ మాత్రం అసలైన +2 లవణం.