బావ కూలి పెరిగింది, నా జీతం పెరగలేదు... లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మూడేళ్లలో చేతికొచ్చే జీతం 34 వేల నుంచి 38 వేలకే చేరింది. టైల్స్ పని చేసే మా బావ రోజుకు 1,200 తీసుకుంటున్నాడు. ఫ్లాట్ కోసం 20 లక్షల లోన్ తీసుకోమంటున్నారు. జీతం ఏటా 10 శాతం పెరుగుతుంది, ఈఎంఐ భారం కాదంటున్నారు. నిజమేనా?

జవాబు: ముందు ఒక మాట. జీతం పెరగకపోవడం మీ పనితనం మీద తీర్పు కాదు. మీ కుర్చీ కోసం బయట ఎంతమంది నిలబడి ఉన్నారన్నదే జీతాన్ని ఎక్కువగా తేలుస్తుంది. పెద్ద ఐటీ కంపెనీల్లో ఫ్రెషర్ల ప్యాకేజీ పదేళ్లకు పైగా ఏడాదికి 3.5 లక్షల చుట్టూనే తిరుగుతోంది. ఏటా లక్షల మంది ఇంజినీర్లు బయటికొస్తుంటే పెంచాల్సిన అవసరం కంపెనీకి ఏముంది? 2022లో మనుషులు దొరక్క, కంపెనీ మారినవాళ్లకు బాగా పెంచి ఇచ్చారు. 2023-24లో టీసీఎస్, ఇన్ఫోసిస్, విప్రో మూడింటిలో కలిపి 60 వేలకు పైగా ఉద్యోగులు తగ్గారు. చేసే పని అదే, గాలి మారింది.

మీ బావ విషయం వేరు. టైల్స్ పని నేర్చుకునే కుర్రాళ్లు తక్కువ, కట్టే ఇళ్లు ఎక్కువ. కానీ ఆయనకు నెలలో 18 రోజులే పని దొరికితే వచ్చేది 21,600. పీఎఫ్ ఉండదు, జబ్బు చేస్తే కూలి రాదు. అదే సైటులో ఇసుక మోసే ఆడమనిషికి ఇంకా తక్కువిస్తారు. పిల్లల్ని వదిలి దూరం వెళ్లే వీలుండదు కాబట్టి మేస్త్రీ చెప్పిన రేటుకే ఒప్పుకుంటుంది. ఇది నాకు చాలా బాధగా ఉంటుంది.

ఇక లోన్. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లయితే ఈఎంఐ దాదాపు 17,350, అంటే ఇప్పటి జీతంలో దాదాపు 46 శాతం. ఏటా 10 శాతం పెరిగితే ఐదేళ్లకు మీ జీతం 61 వేలు. ఇప్పటి వేగంతోనే సాగితే 46 వేలు. నేనైతే రెండో అంకెనే నమ్ముతాను.

కాబట్టి ఇప్పుడే సంతకం పెట్టకండి. ఆటోమేషన్ టెస్టింగ్ (చేత్తో కాకుండా ప్రోగ్రామ్ రాసి సాఫ్ట్‌వేర్‌ను పరీక్షించడం) నేర్చుకుని నాలుగైదు చోట్ల ఇంటర్వ్యూలకు వెళ్లండి, మీ అసలు రేటు అక్కడ తెలుస్తుంది. ఈలోగా నెలనెలా 17,350 వేరే ఖాతాలో వేయండి. అప్పు చేయకుండా ఆరు నెలలు వేయగలిగితే, చేతిలో లక్షకు పైగా ఉంటుంది. అప్పుడు ఫ్లాట్ చూడటానికి వెళ్లండి.