నీ అరకు వ్యాసంలో ఎవరూ మాట్లాడలేదు

తిరుపతి

నాయనా,

నీ అరకు వ్యాసం చదివాను. చిత్తూరు నుంచి విశాఖ, అక్కడ కిరండూల్ పాసింజర్, కొండలు, సొరంగాలు, బొర్రా గుహలు, సంత, రిసార్టు, మళ్లీ రైలు. వాక్యం బాగుంది, ఆపకుండా చదివిస్తుంది. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. లేకపోతే ‘బాగుంది, రాస్తూ ఉండు’ అని వాట్సాప్‌లో ఒక ముక్క పడేసి ఊరుకునేవాణ్ని.

ముందు చిన్న విషయం. నువ్వు వెళ్లింది ఏప్రిల్‌లో. వ్యాసంలో మాత్రం పసుపు పరిచినట్టు వలిసె పూలున్నాయి, కొమ్మల నిండా ఎర్రటి కాఫీ పళ్లున్నాయి. వలిసె చలి మొదలయ్యే రోజుల్లో పూస్తుంది. కాఫీ పళ్లు కూడా నవంబరు నుంచి జనవరి దాకా కోతకొస్తాయి. ఎండాకాలంలో ఒక వాన పడిందంటే నీకు కనపడేది తెల్లటి కాఫీ పూత. సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకు మిరియం తీగలు అల్లుకుని ఉండగా, కింద ఆ పూత. నీకు కనిపించిందో లేదో నువ్వే చెప్పాలి. ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన డిసెంబరు ఫొటో తెచ్చి ఏప్రిల్‌కు అతికిస్తే ఆ కొండ మీద పుట్టిన పిల్లాడు మొదటి పేరాలోనే నిన్ను పట్టేస్తాడు. ఇక మిగతాది ఎందుకు నమ్మాలి?

అసలు గొడవ మూడో పేజీలో ఉంది. దారికి అడ్డంగా కర్ర పెట్టి ఆడవాళ్లు మీ కారు ఆపారు, డబ్బులడిగారు. ‘టూరిజం వీళ్లకు అడుక్కోవడం నేర్పింది’ అని రాశావు. చైత్రంలో మన్యంలో ఇటుకల పండగ జరుగుతుంది. మగవాళ్లు అడవికి వేటకు పోతారు. వట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు వదలరు, ఎగతాళి చేసి పేడనీళ్లు చల్లుతారు. ఆ రోజుల్లోనే దారిన పోయే బళ్లు ఆపి పండగ డబ్బులు తీసుకుంటారు. పెజ్జోరు అంటారు దాన్ని. ఇవ్వాల్సింది ఇచ్చి, రెండు మాటలు మాట్లాడి, నవ్వించుకుని పోతారు తెలిసినవాళ్లు. మన గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు మన ముందుకొచ్చి చెయ్యి చాపితే వాణ్ని బిచ్చగాడని రాస్తావా? డ్రైవర్ పక్కనే ఉన్నాడు. అడిగుంటే చెప్పేవాడు. నువ్వు అడగలేదు, తీర్పు మాత్రం రాసేశావు.

ఇదే నీ వ్యాసం మొత్తానికి ఉన్న జబ్బు. అందులో కొండవాళ్లు నవ్వుతారు, థింసా నాట్యం ఆడతారు, ఫొటోకు నిలబడతారు. ఒక్కరు కూడా నోరు విప్పరు. పైగా ‘అమాయక గిరిజనులు’ అని పదేపదే. శుక్రవారం అరకు సంతకు పోయావు కదా, అక్కడ పసుపో, పిప్పళ్లో, కొండచీపుర్లో అమ్మే ఆవిడతో బేరమాడి చూశావా? ఎంత చెప్పింది, నువ్వెంతకు అడిగావు, ఆవిడ ఏమంది? ఆ నాలుగు మాటలు రాస్తే అమాయకత్వం సంగతి పాఠకుడే తేల్చుకుంటాడు. తూకంలో, వడ్డీలో మోసపోవడం ఆ కొండల్లో పాత కథే. మోసం చేసినవాడి గురించి రాయడం ఇష్టం లేనివాళ్లు మోసపోయినవాడికి అమాయకుడని బిరుదిస్తారు. నాకు ఆ మాట వినపడితే చిరాకు.

అందరినీ ‘గిరిజనులు’ అని ఒకే మూటగా కట్టడం కూడా మానుకో. బగత, కొండదొర, కోటియా, వాల్మీకి, ఖోండు, పోర్జ, గదబ, ఇలా ఎందరో ఉన్నారక్కడ. ఖోండుల కువి భాష తెలుగుకు దూరపు చుట్టమే. గదబల్లో కొందరు మాట్లాడే గుతోబ్ ముండా భాషల కుటుంబానిది, దానికి తెలుగుతో ఆ చుట్టరికం కూడా లేదు. సంతలో ఆదివాసీ ఒడియా, తెలుగు రెండూ నడుస్తాయి. ఇవన్నీ వ్యాసంలో కుక్కమని కాదు. నువ్వు కలిసింది ఎవరినో నీకు తెలిసుండాలి, అంతే.

‘ఇక్కడే ఒక పది సెంట్లు కొనుక్కుని ఉండిపోవాలనిపించింది’ అన్న వాక్యం చదివి నవ్వుకున్నాను. కొనలేవు నాయనా. అది షెడ్యూల్డు ప్రాంతం. 1970లో వచ్చిన 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరులకు మారడానికి వీల్లేదు. నువ్వు టికెట్ కొనుక్కుని చూసొచ్చిన బొర్రా గుహలున్న అనంతగిరి మండలమే, సమత అనే స్వచ్ఛంద సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు మూలం. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులివ్వడం చెల్లదని కోర్టు తేల్చింది. గుహలో రంగురంగుల లైట్ల గురించి అర పేజీ రాసినవాడివి, దీనికి రెండు వాక్యాలు ఇవ్వలేవా? రైలుదీ అదే కథ. ఆ లైను 1960ల్లో వేసింది నీకు లోయలు చూపించడానికి కాదు, ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి. టూరిస్టుల అద్దాల బోగీ ఆ పట్టాల మీదికి నిన్నమొన్న వచ్చింది.

రిసార్టులో మంట చుట్టూ చూసిన థింసా గురించి ‘ఆనందంతో ఆడారు’ అన్నావు. వాళ్లకది ఆ రాత్రి పని. ఎంతిస్తారు, ఎన్ని గంటలకు ఇల్లు చేరతారు అన్నది నీకు తెలిస్తే రాయి, తెలియకపోతే ఆనందం జోలికి పోవద్దు. రోడ్డు బ్రహ్మాండంగా ఉందన్నావు, టూరిస్టు రోడ్డు అలాగే ఉంటుంది. ఆ రోడ్డు దాటి లోపలికి పోతే రోగినీ గర్భిణినీ డోలీలో మోసుకొచ్చే ఊళ్లు ఉన్నాయి. అలాగని చూడని డోలీ గురించి ఏడుపు వ్యాసం రాసి పంపకు. దాన్నీ తిప్పి పంపుతాను.

పిల్లల ముఖాల ఫొటోలు తీసెయ్. వాళ్ల అమ్మానాన్నల్ని అడిగి తీసినవి కావని చూస్తేనే తెలుస్తోంది.

తిరగరాసేటప్పుడు పదిహేను పేజీలు వద్దు. దారి ఆపిన చోటు, సంత, ఈ రెండే చాలు. డ్రైవర్ నంబరు నీ ఫోన్‌లో ఉండే ఉంటుంది. ఫోన్ చేసి ఆ ఊరి పేరేమిటో, ఆ రోజు మీ దగ్గర తీసుకున్న డబ్బులు దేనికి వాడతారో కనుక్కో. ఈ నెలాఖరు దాకా నేను ఊళ్లోనే ఉంటాను. పోస్టులో వద్దు, నువ్వే తీసుకుని రా.

ఉంటాను.