ఫైబర్‌కి మారండి, కానీ వైఫై ఇచ్చే పెట్టె ఎక్కడ పెట్టించాలో ముందే తేల్చుకోండి

ఫోన్ లైను మీద వచ్చే పాత బ్రాడ్‌బ్యాండ్ తీసేసి ఫైబర్ పెట్టించుకోవచ్చా, బిగించే రోజు ఏం చూసుకోవాలి అని అడిగారు. మొదటిదానికి జవాబు: మారండి. రాగి తీగలో దూరం పెరిగే కొద్దీ సిగ్నల్ నీరసిస్తుంది. మా ఇల్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజికి దూరం, పైగా వాన పడితే చాలు, నెట్ పోయేది. ఫైబర్ అంటే సన్నటి గాజు తీగ, అందులో వెళ్లేది కరెంటు కాదు, వెలుతురు. అందుకే ఆ బాధ తప్పింది. నాకు డౌన్‌లోడ్ కంటే అప్‌లోడ్‌లోనే పెద్ద తేడా కనిపించింది. వీడియో కాల్‌లో నా మొహం గళ్ళుగళ్ళుగా మారడం ఆగిపోయింది.

రెండోదానికి వస్తే, నేను చేసిన పొరపాటే చెబుతాను. టెక్నీషియన్ వచ్చేసరికి ఫోన్లో మాట్లాడుతున్నాను. "పెట్టె ఎక్కడ పెట్టమంటారు సార్?" అంటే "ఎక్కడైనా పర్లేదు" అన్నాను. ఆయన తీగ లోపలికొచ్చిన కిటికీ పక్కనే, హాలు మూలలో బిగించేసి వెళ్లిపోయాడు. హాల్లో స్పీడు అదిరింది. వెనక గదిలో మాత్రం పాత నెట్టే నయమనిపించింది. వారం రోజులు కంపెనీని తిట్టుకున్నాను. చివరికి లాప్‌టాప్‌ని లాన్ వైరుతో నేరుగా ఆ పెట్టెకి కలిపి చూస్తే పూర్తి స్పీడు వస్తోంది! లైను బాగానే ఉంది, అడ్డం పడుతున్నది గోడలు. ఫైబర్ పెట్టె దాకే, అక్కడి నుంచి అంతా మామూలు వైఫైయే. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వేగంగా ఉంటుంది కానీ గోడలు దాటేసరికి బాగా నీరసిస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ అంతకంటే బాగా దాటుతుంది, కానీ నెమ్మది. పెట్టెని ఇంటి మధ్యకి మారుద్దామంటే తీగ పొడవు చాలలేదు. మళ్లీ కొత్తది లాగించాల్సి వచ్చింది. కాబట్టి చోటు ముందే ఆలోచించి పెట్టుకోండి, తీగ కాస్త ఎక్కువగా వదలమనండి.

అయితే ఆ మిగులు తీగని బిగుతుగా చుట్టకండి. మామూలు ఫైబర్‌ని సుమారు 3 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే చిన్న చుట్టగా చుడితే వెలుతురు మలుపు దగ్గర బయటికి జారిపోతుంది. ఇళ్లలో వాడే రకాలు ఇంకాస్త వంపు తట్టుకుంటాయి గానీ, చిన్న పళ్ళెం అంత చుట్ట చేస్తే ఏ బెంగా ఉండదు. మా ఇంట్లో బీరువా వెనక్కి జరిపితే తీగ నలిగింది, పెట్టె మీద 'లాస్' అన్న ఎర్ర లైటు వెలగడం మొదలైంది. ఆ లైటు వస్తే రీస్టార్ట్‌లు కొడుతూ కూర్చోకండి, అసలు వెలుతురే అందడం లేదని అర్థం.

బిగించాక మీటరు పెట్టి పవర్, అంటే తీగలో అందుతున్న వెలుతురు బలం, చూపించమనండి. డీబీఎం అనే కొలతలో మైనస్ అంకె వస్తుంది. మైనస్ 20 చుట్టుపక్కల ఉంటే హాయి. మైనస్ 27 దగ్గరికి వచ్చిందంటే అంచున ఉన్నట్టే, జాయింటు మళ్లీ వేయమని గట్టిగా అడగండి. తీగ కొసలోకి మాత్రం తొంగి చూడొద్దు. ఆ వెలుతురు కంటికి కనపడదు, అదే ప్రమాదం.

100 ఎంబీపీఎస్ కంటే ఎక్కువ ప్లాన్ తీసుకుని లాన్ వైరు పెట్టినా స్పీడు 94 దగ్గరే ఆగిపోతుంటే, ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్టో, పాడైన వైరో ఉందన్నమాట.

కరెంటు సంగతి నాకు తట్టలేదు. పాత తీగ ఫోనుకి ఎక్స్ఛేంజి నుంచే కరెంటు వచ్చేది కాబట్టి ఇంట్లో కరెంటు పోయినా అది మోగేది. గాజు తీగ కరెంటు మోయదు. కరెంటు పోతే పెట్టె ఆరిపోతుంది, దాని మీద పెట్టుకున్న ఫోనూ పోతుంది. చాలా పెట్టెలు 12 వోల్టులవే కనుక చిన్న రౌటర్ యూపీఎస్ సరిపోతుంది. కొనేముందు అడాప్టర్ మీద రాసి ఉన్నది చూసుకోండి.

పాత కనెక్షన్ అదే రోజు రద్దు చేయకండి. నేను పది రోజులు ఉంచాను. బీరువా జరిపిన రోజు ఆఫీసు పని గడిచింది దాని మీదే.