తమ్ముడూ, సీటీ రూమ్‌లో ఒక్కడివే ఉన్నప్పుడు ఇవి గుర్తుంచుకో

తమ్ముడూ,

వచ్చే వారం నుంచి నైట్ డ్యూటీ నీ ఒక్కడికే ఇస్తున్నారని చెప్పావు కదా, అప్పటినుంచి నా మనసంతా అక్కడే ఉంది, అందుకే 26 ఏళ్ళుగా ఈ పనిలో నేను నేర్చుకున్నవి రాస్తున్నా.

పేషెంట్‌కి పడే రేడియేషన్ డోస్ తగ్గించు అనగానే అందరూ ముందు ఎంఏ, అంటే ఎక్స్‌రే ట్యూబ్ కరెంట్, మీద చెయ్యేస్తారు, అది తర్వాత సంగతి. ముందు పేషెంట్ గాంట్రీకి, అదే ఆ గుండ్రటి రింగుకి, సరిగ్గా మధ్యలో ఉన్నాడా లేదా చూడు. ట్యూబ్ పైన ఉండి టోపో, అంటే స్కాన్‌కి ముందు ప్లానింగ్ ఇమేజ్, తీసే మిషన్‌లో టేబుల్ కాస్త ఎత్తుగా ఉంటే మనిషి ట్యూబ్‌కి దగ్గరై పెద్దగా కనిపిస్తాడు, లావు మనిషి అనుకుని ఆటో ఎంఏ కరెంట్ పెంచేస్తుంది. కిందకి ఉంటే సన్నగా కనిపించి కరెంట్ తగ్గించేస్తుంది, ఇమేజ్ అంతా గరుగ్గా వస్తుంది. మొదట్లో నాకిది తెలీక, అలా వచ్చినప్పుడల్లా మిషన్‌దే తప్పనుకుని ఎంఏ పెంచుతూ పోయా, ఎంతమందికి ఊరికే ఎక్కువ పడిందో అని ఇప్పటికీ బాధే. లేజర్ లైట్ పక్కనుంచి చూసి సరిచేసుకోవడానికి అర నిమిషం కూడా పట్టదురా.

ఛాతీకి, పొట్టకి చేతులు పైకి పెట్టించు, పక్కనే ఉంటే గీతలూ వస్తాయి కరెంటూ పెరుగుతుంది. ఊపిరి బిగపట్టడం స్కాన్‌కి ముందే రెండుసార్లు చేయించు, పెద్దవాళ్ళకి చెవి వినపడదు, కొందరికి రికార్డెడ్ వాయిస్ భాషే అర్థం కాదు, నువ్వే దగ్గరికెళ్ళి చెప్పు. కదిలిపోయి మళ్ళీ స్కాన్ చేశావంటే అప్పటిదాకా మిగిల్చిందంతా పోయినట్టే.

ఇక ఇమేజ్ ఎంత బాగుండాలి అంటే, డాక్టర్ అడిగిన ప్రశ్నకి జవాబు దొరికేంత. కిడ్నీలో రాయి తెల్లగా మెరుస్తుంది, నాయిస్, అంటే ఇమేజ్‌లో గరుకు, ఉన్నా దాక్కోదు, కాబట్టి స్టోన్ కేసుకి లో డోస్ ప్రోటోకాలే పెట్టు, సన్నటి మనిషికి డీఎల్‌పీ, అంటే స్కాన్ మొత్తానికి పడిన డోస్ లెక్క, 200 లోపే వచ్చేస్తుంది. రాళ్ళున్న కుర్రాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తారు పాపం. లివర్‌లో చిన్న గడ్డ వెతకాలంటే మాత్రం అంత పిసినారితనం పనికిరాదు. డోస్ సగం చేస్తే నాయిస్ 1.4 రెట్లవుతుంది, రెట్టింపు కాదు, అదే 1 ఎంఎం బదులు 5 ఎంఎం స్లైసుల్లో చూస్తే చాలావరకు సర్దుకుంటుంది.

కాంట్రాస్ట్ యాంజియోకి, అంటే అయోడిన్ మందు ఎక్కించి రక్తనాళాలు చూసే స్కాన్‌కి, సన్నగా ఉన్నవాళ్ళకి ట్యూబ్ వోల్టేజ్ 120 బదులు 100 కేవీ పెట్టు, ఎంఏ మార్చకపోతే డోస్ దాదాపు మూడో వంతు తగ్గుతుంది, పైగా అయోడిన్ ఇంకా బాగా వెలుగుతుంది. లావుగా ఉన్నవాళ్ళకి ఇది వద్దు. నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్, ఇటరేటివ్ రీకన్‌స్ట్రక్షన్, ఉంది కదా అని ఫుల్‌గా పెట్టకు, ప్లాస్టిక్ బొమ్మలా నున్నగా వచ్చి చిన్నవి చెరిగిపోతాయి.

కాంట్రాస్ట్ లేని ప్లెయిన్ స్కాన్ చాలు అన్నచోట అలవాటుగా అన్ని ఫేజులూ, అంటే కాంట్రాస్ట్ ఇచ్చాక వేర్వేరు సమయాల్లో తీసే స్కాన్లన్నీ, తీయకు. ఫేజ్ ఒకటి తగ్గితే దాని డోస్ మొత్తం పోయినట్టే, అంత లాభం ఇంకెక్కడా రాదు. డౌట్ ఉంటే రాత్రి రెండైనా సరే రేడియాలజిస్ట్‌కి ఫోన్ చెయ్యి, తిట్టినా పర్లేదు.

పిల్లల్ని పెద్దవాళ్ళ ప్రోటోకాల్‌లో ఎప్పుడూ పెట్టొద్దు. బాడీ స్కాన్‌లో స్క్రీన్ మీద కనిపించే డోస్ నంబర్, సీటీడీఐ, 32 సెంటీమీటర్ల ఫాంటమ్ (మనిషి ఒంటికి బదులు వాడే ప్లాస్టిక్ దిమ్మ) లెక్కదైతే, చిన్న పాపకి నిజంగా పడేది అంతకన్నా ఎక్కువే.

ఆ నంబర్ చూడకుండా బటన్ నొక్కకు. 2009లో అమెరికాలో ఒక హాస్పిటల్లో మెదడులో రక్తప్రసరణ చూసే బ్రెయిన్ పెర్ఫ్యూజన్ స్కాన్ చేయించుకున్న 206 మందికి పడాల్సినదానికి దాదాపు 8 రెట్లు డోస్ పడిందని బయటపడింది, 18 నెలలు ఎవరూ గమనించలేదు, ఒక పేషెంట్ జుట్టు ఊడుతోందని చెప్తే గానీ తెలీలేదు.

ఒక నోట్‌బుక్ పెట్టి మొదటి పది స్టోన్ కేసుల కేవీ, స్కాన్ పొడవు, డీఎల్‌పీ రాసి ఉంచు, పేర్లు వద్దు. పండక్కి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని చూద్దాం.

అక్క