మొదటి నెల వెళ్లిన డాలర్ల చెల్లింపు రెండో నెల ఎందుకు ఆగింది?

పాలకొల్లులో స్టూడియో నడుపుతున్నానని, పెళ్లి ఫొటోలు దాచే విదేశీ సర్వీసుకి మొదటి నెల డెబిట్ కార్డు మీద డబ్బు వెళ్లిందని, ఇప్పుడు ఖాతాలో డబ్బున్నా ‘డిక్లైన్డ్’ అని వస్తోందని రాశారు కదండీ. ముందు ఆ ఫొటోలన్నీ హార్డ్ డిస్క్‌లోకి దింపేయండి. మిగతాదంతా తర్వాత.

మొదటిసారి వెళ్లిందంటే కార్డులో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్‌లోనే ఉన్నట్టు. అడ్డం పడుతున్నది బహుశా ఆటోపే. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం, నెలనెలా దానంతటదే కట్ అయ్యే చెల్లింపుకి మీరు ఓటీపీతో ముందే అనుమతి నమోదు చేయాలి. డబ్బు తీసే 24 గంటల ముందు మీకు మెసేజ్ కూడా రావాలి. చాలా విదేశీ కంపెనీలకి ఆ ఏర్పాటు లేదు, అందుకే బ్యాంకు తిప్పికొడుతుంది. ఇదే కారణమైతే కొత్త కార్డు తీసుకున్నా లాభం ఉండదు, దానికోసం బ్యాంకు చుట్టూ తిరగకండి.

ఆ సర్వీసుకి యాప్ ఉండి, ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ ఇస్తుంటే అక్కడే తీసుకోండి. రూపాయల్లో, యూపీఐతో కట్టొచ్చు. నాకు అదే అన్నిటికంటే నమ్మకమైన దారి. లేదంటే ఆటో రెన్యువల్ ఆపేసి, ఏడాదికి ఒకేసారి మీరే ఓటీపీ కొట్టి కట్టండి. డాలరు రేటు మీద బ్యాంకు మార్కప్ (అంటే బ్యాంకు అదనంగా వేసుకునే రుసుము), ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ పడతాయి, ఖాతాలో కాస్త ఎక్కువే ఉంచండి.

మీ తరఫున మేం కడతాం అంటూ మెసేజ్‌లు పెట్టేవాళ్లకి కార్డు నంబరు, ఓటీపీ ఇవ్వొద్దండీ, దయచేసి. సర్వీసు వాళ్లకి ఈరోజే మెయిల్ రాసి కొన్ని రోజులు గడువు అడగండి.